టీబీ మందులు అందరికీ ఉచితమే కదా, మరి పేదవాళ్ళకే ఎందుకు ఎక్కువ ముప్పు?

మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు మా అపార్ట్‌మెంట్‌లో జరిగినదే. 2019లో హైదరాబాద్‌లో నాకు టీబీ వచ్చింది. రెండు నెలల తేడాతో మా వాచ్‌మన్ అన్నకీ వచ్చింది. ఇద్దరికీ ఊపిరితిత్తుల్లోనే. ఇద్దరం ఒకే సర్కారు సెంటర్ నుంచి అవే మాత్రలు తెచ్చుకున్నాం: మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసినవి, తర్వాత నాలుగు నెలలు మూడు. పైసా ఖర్చు లేదు. అంతవరకే మేమిద్దరం సమానం.

దగ్గు మొదలైన పది రోజులకే నేను ఎక్స్‌రే తీయించుకున్నాను, ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి. ఆయన మూడు నెలలు మెడికల్ షాపు సిరప్‌తో నెట్టుకొచ్చాడు. తెమడ పరీక్షకి పొద్దున్నే వెళ్ళాలి, ఆ టైముకి ఆయన కార్లు తుడుస్తుంటాడు. ఆ కార్ల డబ్బులతోనే పిల్లల ఫీజులు. జబ్బు బయటపడేసరికి మనిషి 41 కిలోలు.

ఆ మాత్రల సంగతి మింగినవాళ్ళకే తెలుస్తుంది. వికారం, కీళ్ళ నొప్పులు, మూత్రం ఎర్రగా వస్తే గుండె ఆగినంత పని. కొన్నాళ్ళకి మాత్రం ఆకలి విపరీతంగా వేస్తుంది. నాకు రోజూ రెండు గుడ్లు, పాలు, మధ్యాహ్నం నిద్ర. ఆయనకి ఆ ఆకలే పెద్ద టెన్షన్. "మందు పనిచేస్తోంది సార్, అన్నమే చాలట్లేదు" అన్నాడొకసారి.

తిండి కోసమని నిక్షయ్ పోషణ్ యోజన కింద అప్పట్లో నెలకు 500 రూపాయలు ఇచ్చేవాళ్ళు (2024 నవంబరు నుంచి 1000 చేశారు). నా ఖాతాలో పడ్డాయి, నాకు వాటితో పనే లేదు. ఆయన ఖాతా ఊళ్ళో బ్యాంకులో ఉంది, దానికిచ్చిన నంబరు ఎప్పుడో పోయిన ఫోన్‌ది. సరిచేయించాలంటే ఊరెళ్ళాలి. అన్ని రోజులు గేటు దగ్గర ఎవరుంటారు?

ఇక చెప్పడానికి సిగ్గుపడే భాగం. ఆయన జబ్బు సంగతి తెలియగానే అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. పిల్లలున్న చోటు, ఖాళీ చేయించాలన్నారు. మందులు సరిగ్గా వాడుతుంటే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుందని నాకు తెలుసు. ఎవరి నుంచి ఎవరికొచ్చిందో, అసలు మా ఇద్దరికీ సంబంధముందో లేదో కూడా చెప్పలేం. నేను మాత్రం టైఫాయిడ్ అని చెప్పుకుని సెలవు పెట్టినవాణ్ణి, నోరు తెరవలేదు.

సెల్లార్‌లో కిటికీ లేని ఆ గది కూడా పోయాక, ఆయన భార్యాపిల్లలతో ఊరెళ్ళిపోయాడు. ట్రీట్‌మెంట్ అక్కడికి మార్పించుకునేలోపు దాదాపు నెల రోజులు మాత్రల్లేవు. కోర్సు మళ్ళీ మొదలైంది. మరుసటి ఏడాది వాళ్ళావిడకీ వచ్చింది.

2023లో లాన్సెట్ వైద్య పత్రికల్లో జార్ఖండ్ అధ్యయనం వచ్చినప్పుడు నాకు వీళ్ళే గుర్తొచ్చారు. రేషన్స్ అని దాని పేరు. అందులో రోగులందరికీ తిండి సాయం చేశారు. కొన్ని ఇళ్ళలో మాత్రం మిగతావాళ్ళకి కూడా తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో చనిపోయే ముప్పు 60 శాతం దాకా తక్కువగా కనిపించింది. 41 కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోలు. నేను అంతకంటే ఎక్కువే పెరిగాను, ఇంట్లో కూర్చుని.

అన్న బాగానే ఉన్నాడు, ఇప్పుడు 50 కిలోలు దాటాడట. దసరాకి ఫోన్ చేస్తే "మీ టైఫాయిడ్ మళ్ళీ రాలేదు కదా సార్" అని అడిగాడు. ఆ సెంటర్ లైన్లో నన్ను రెండుసార్లు చూసిన మనిషి.