బెల్టు తర్వాత కొనొచ్చు, ముందు ఆ కాలిని డాక్టర్‌కు చూపించండి

ప్రశ్న: మాది సిరొంచ తాలూకా. వయసు 36. పదేళ్లకు పైగా జేసీబీ నడుపుతున్నాను. నాట్ల టైములో ట్రాక్టర్‌తో పొలాలు దమ్ము చేస్తాను. ఈ ఏడాది ఆలాపల్లి వైపు రోడ్డు పనికి వెళ్తున్నాను. రెండేళ్లుగా నడుంనొప్పి ఉంది. మెడికల్ షాపులో ఇచ్చే నొప్పి బిళ్ల పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటే పని నడుస్తోంది. నెల క్రితం నొప్పి ఎడమ కాల్లోకి దిగింది. వారం నుంచి నొప్పి కాస్త తగ్గింది గానీ పాదం మొద్దుబారినట్టుంది. ట్రాక్టర్ క్లచ్ తొక్కితే తొక్కినట్టు తెలియడం లేదు. మూత్రం కూడా ఆగి ఆగి వస్తోంది, వేడి చేసిందేమో. నడుముకు ఏ బెల్టు మంచిది? సీటు మీద ఎలాంటి కుషన్ వేసుకోవాలి?
– ఓ పాఠకుడు, గడ్చిరోలి జిల్లా

జవాబు: మీరు బెల్టు గురించి అడిగారు. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం చివర్లో మామూలు విషయంలా రాసిన రెండు ముక్కలు. పాదం మొద్దుబారింది, మూత్రం ఆగి ఆగి వస్తోంది. ఇది చదివిన రోజే ఆసుపత్రికి వెళ్లండి. పని అయిపోయాక అని, బిల్లు చేతికొచ్చాక అని వాయిదా వేయొద్దు.

నడుము దగ్గర ఎముకల మధ్య ఉండే డిస్కు జరిగి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు మీదుగా కాల్లోకి దిగుతుంది. దీన్నే సయాటికా అంటాం. చాలామందికి ఆపరేషన్ అవసరం లేకుండానే కొన్ని వారాల్లో నెమ్మదిస్తుంది. ఆ మాట వరకు ధైర్యంగా ఉండండి. కానీ డిస్కు పెద్దగా ఉబ్బి మధ్యలోకి పొడుచుకొస్తే, మూత్రం, మలవిసర్జన, లైంగిక శక్తి వీటన్నింటినీ నడిపే నరాల గుత్తి మొత్తం నలుగుతుంది. కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. అప్పుడు ఆపరేషన్ వీలైనంత త్వరగా, సాధారణంగా 48 గంటల లోపు జరగాలని చూస్తాం. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోవచ్చు.

మీకు ఉన్నది అదేనని పరీక్ష చేయకుండా నేను చెప్పలేను. మూత్రంలో ఇన్ఫెక్షన్, రాయి, షుగర్ ఏదైనా కావచ్చు. అయితే నడుంనొప్పి, కాలి మొద్దు, మూత్రం ఇబ్బంది మూడూ కలిసి వచ్చినప్పుడు, కాదని తేలేదాకా అదే అనుకుని పరుగెత్తాలి. సీటుకు ఆనే చోట, అంటే మర్మాంగాల చుట్టూ, మలద్వారం దగ్గర స్పర్శ తగ్గిందేమో గమనించండి. ఈ విషయం అడగడానికి డాక్టర్లు, చెప్పడానికి పేషెంట్లు ఇద్దరూ మొహమాటపడతారు. మీరే ముందు చెప్పండి. రెండో కాలు కూడా మొద్దుబారినా, మడమల మీద నిలబడితే పాదం ముందుభాగం లేవకపోయినా అర్ధరాత్రయినా ఆగొద్దు.

నొప్పి తగ్గిందని ఊరట పడ్డట్టున్నారు. నొప్పి తగ్గుతూ మొద్దు పెరగడం మంచి గుర్తు కాకపోవచ్చు. నరం కోలుకుంటోందా, చచ్చుబడుతోందా అన్నది చేత్తో తాకి, కాలు ఎత్తించి చూసిన డాక్టరే చెప్పాలి.

ముందు సిరొంచ గ్రామీణ ఆసుపత్రిలో చూపించండి. ఎంఆర్ఐ రాస్తే చంద్రపూర్ వెళ్లినా సరే, గోదావరి వంతెన దాటి కాళేశ్వరం, భూపాలపల్లి మీదుగా వరంగల్ వెళ్లినా సరే. మీ రేషన్ కార్డు మహారాష్ట్రది కాబట్టి వంతెన అవతల ఆరోగ్యశ్రీ పనికిరాకపోవచ్చు. మహారాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం మహాత్మా ఫులే యోజన ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి. బండి మీద మాత్రం వెళ్లొద్దు. స్పర్శ లేని కాలితో ట్రాక్టర్ గానీ, జేసీబీ గానీ ఎక్కొద్దు. చుట్టూ కూలీలు తిరుగుతుంటారు, వాళ్ల ప్రాణం కూడా మీ పాదం కిందే ఉంటుంది.

ఇక ఆ బిళ్లల సంగతి. ఆపరేటర్లు, డ్రైవర్లు ఓపీకి వచ్చినప్పుడు ఏం వాడుతున్నారని అడిగితే చొక్కా జేబులోంచి నాలుగు బిళ్లల ముక్క తీసి చూపిస్తారు. పేరున్న వైపు షాపులోనే కత్తిరించి ఉంటుంది. ఏం మింగుతున్నామో తెలియకుండా రెండేళ్లు మింగుతారా? అది డైక్లోఫెనాక్ అయితే చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఖాళీ కడుపున టీతో వేసుకుంటే కడుపులో పుండ్లు పడి లోపలే రక్తం కారవచ్చు. విరేచనం తారులా నల్లగా, జిగటగా పోతోందా? పోతుంటే అదీ ఎమర్జెన్సీయే.

కిడ్నీల ముప్పు ఇంకా పెద్దది. మీ వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మాటిమాటికీ దిగాల్సి వస్తుందని క్యాబిన్‌లో నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లు చాలామంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగా అందదు, ఈ నొప్పి మందులు ఆ కాస్త దారినీ ఇంకా ఇరుకు చేస్తాయి. కాళ్లు ఉబ్బేదాకా ఏమీ తెలియదు. అందుకే మూత్రం తేడాగా ఉంటే ‘వేడి చేసింది’ అని సబ్జా నీళ్లు తాగి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. సబ్జా తాగండి, తప్పులేదు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించండి.

పొట్లంలో కట్టి ఇచ్చే కలగూర బిళ్లలైతే వాటిలో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోవచ్చు. కాబట్టి అది మీకు మీరుగా ఆపకండి, డాక్టర్‌కు చూపించాకే. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు ఉన్నవి వేసుకుంటే నిద్రమత్తుగా ఉంటుంది, యంత్రం దగ్గరకే పోవద్దు.

మీరు అడిగిన దానికి వస్తే, బెల్టు కుదుపును ఆపలేదు. డాక్టర్ చెబితే కొన్నాళ్లు వాడొచ్చు, ఏళ్ల తరబడి కట్టుకుంటే నడుము కండరాలు బలహీనపడవచ్చు. కూర్చున్న మనిషి వెన్నెముక సెకనుకు సుమారు 4 నుంచి 6 సార్లు వచ్చే ఊపుకు ఎక్కువగా అదురుతుంది. ట్రాక్టర్, జేసీబీ సీట్లలో తరచూ ఉండేది దాదాపు ఆ ఊపే. తవ్వేటప్పుడు జేసీబీని నేలకు ఆనించే జాక్‌లు దించి ఉంటాయి కాబట్టి కుదుపు కొంత నయం. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గుంతల రోడ్డు మీద జేసీబీని తోలుకుపోయే గంటే నడుమును ఎక్కువ దెబ్బతీస్తుంది. అక్కడ స్పీడు తగ్గించాలి. సీటు కింద స్ప్రింగు చచ్చిపోతే దాని మీద ఎంత మెత్తటి కుషన్ వేసినా దండగ. ఓనర్‌కు గట్టిగా చెప్పి సీటు బాగు చేయించండి. పని అయ్యాక క్యాబిన్ నుంచి కిందికి దూకకుండా మెట్ల మీదుగా, యంత్రం వైపు మొహం పెట్టి దిగాలి. ఇవన్నీ మీ కాలు సంగతి తేలి, డాక్టర్ మళ్లీ పనికి వెళ్లొచ్చు అన్నాకే.

వెళ్లేటప్పుడు ఇంట్లో, క్యాబిన్‌లో ఉన్న స్ట్రిప్పులు, పొట్లాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. మూత్రం ఇబ్బంది ఏ రోజు మొదలైందో కాగితం మీద రాసుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే.