సీటు ఎత్తు చూసుకున్నాకే తొక్కు

చిట్టీ,

బరువు తగ్గడానికి సోమవారం నుంచి పరుగు, తాడాట మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నీ పట్టుదలకి ముచ్చటేసింది కానీ, తాడాట అనగానే గుండె గుభేలుమంది. పరుగులో అడుగడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల తాకిడి కాలిమీద పడుతుంది. నడకలో ఎప్పుడూ ఒక పాదం నేలమీదే ఉంటుంది కాబట్టి, అది ఒంటి బరువు కంటే కాస్తే ఎక్కువ. ఏళ్ళతరబడి కుర్చీలో కూర్చున్న కాళ్ళు నీవి, ముందు వాటిని కాపాడుకో.

నడక గురించి చెప్పేదేముంది! మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం చాలు. ఈత రాకపోయినా ఛాతీ లోతు నీళ్ళలో నడువు, కాళ్ళమీద పడే బరువు సుమారు మూడో వంతుకి తగ్గిపోతుంది.

ఇంట్లో తొక్కే సైకిలు కూడా కొంటున్నావట. అసలీ ఉత్తరం అందుకే. కీళ్ళకి సుఖమైన వ్యాయామం కదా అని చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. కాళ్ళు నేలకి ఆనితే ధైర్యమని సీటు బాగా కిందికి దించేస్తారు. అప్పుడు మోకాలు బాగా ముడుచుకుని ఉండగానే బలమంతా పెట్టి తొక్కాలి. ఆ ఒత్తిడి మోకాలిచిప్ప వెనక పడి, కొన్నాళ్ళకి ముందువైపు నొప్పి మొదలవుతుంది. ఇక సైకిలు బట్టలారేసుకోవడానికే.

సీటుమీద కూర్చుని ఒక పెడల్ అట్టడుగుకి తెచ్చి మడమ దానిమీద పెట్టు. కాలు నిటారుగా చాచుకోవాలి. ఇప్పుడు మడమ తీసి పాదం ముందు భాగం పెడల్ మీద పెడితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగుతుంది. అదీ సరైన ఎత్తు. తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగినా, మోకాలి వెనక లాగినా సీటు ఎక్కువైనట్టు, ఒక సెంటీమీటరు దించు. సీటు కడ్డీమీద ఒక గీత ఉంటుంది, అది పైకి కనిపించేదాకా మాత్రం లాగకు.

బిగువు, అంటే పెడల్ తిప్పడం ఎంత బరువుగా ఉండాలో సరిచేసేది, పెంచితేనే కొవ్వు కరుగుతుందనీ అనుకోకు. పెడల్ నిమిషానికి 70, 80 చుట్లు తిరగాలి. 50కి పడిపోతోందంటే బిగువు తగ్గించు. తెరమీద చూపించే క్యాలరీలని నమ్మి రెండో వడ్డింపు పెట్టుకుంటావేమో, ఆ లెక్క తరచూ ఎక్కువే చూపిస్తుంది. కిలో కొవ్వంటే సుమారు 7,700 క్యాలరీలు, తిండి తగ్గకుండా తొక్కుడొక్కదానితో అది కరగదు.

మొదట 15 నిమిషాలు, వారానికి 5 రోజులు. వారం వారం 5 నిమిషాలు పెంచు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు. చిన్నప్పుడూ ఇంతే నువ్వు, పట్టిన పని తెల్లారేసరికి అయిపోవాలి! వారానికి రెండ్రోజులు చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చో, తొడలు గట్టిపడితే మోకాలికి ఆసరా.

కండరాల సలుపు రెండు మూడు రోజుల్లో పోతుంది. మోకాలు వాచిందా, ఆపెయ్. ఛాతీలో బరువుగా ఉన్నా, కళ్ళు తిరిగినా వెంటనే డాక్టరు దగ్గరికే, నాకు ఫోన్ తర్వాత.

సీటు సరిచేశాక, పెడల్ కిందికొచ్చేటప్పుడు మోకాలు కనబడేలా పక్కనుంచి వీడియో తీసి పంపు. నేను చూసి సరేనన్నాకే బిగువు ముట్టుకో.

పెద్దమ్మ