బెజవాడలో మొదటి గేమింగ్ పీసీ: డబ్బు ఎక్కడ పెట్టాలి?

తక్కువ బడ్జెట్‌లో మొదటి గేమింగ్ పీసీకి దేనికెంత పెట్టాలని అడిగారు. ముందు గ్రాఫిక్స్ కార్డు చూసుకోండి, మూడో వంతుకు పైగా దానికే పోనివ్వండి. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) ఆటలకు 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600 లాంటిది చాలు. జోడీగా ప్రాసెసర్ రైజెన్ 5 5600. కూలర్ బాక్సులోనే వస్తుంది. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్కు వద్దు, 8 జీబీవి రెండు తీసుకోండి.

ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై) దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చేది పోతూ పోతూ కార్డునూ తీసుకుపోవచ్చు. 550 వాట్ల బ్రాంజ్ రేటింగ్‌ది (కరెంటు వృథా తక్కువని సూచించే గుర్తు) కొనండి. మన మే నెల ఎండలకు ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్టే మేలు. అద్దంతో మూసేసినది చూడ్డానికి బావుంటుంది గానీ లోపల ఉడికిపోతుంది.

బిగించాక మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చండి. 5600లో సొంత గ్రాఫిక్స్ లేవు, మదర్‌బోర్డుకు గుచ్చితే తెర నల్లగానే ఉంటుంది.