దిగులు ‘దిగు’ నుంచి వచ్చిందా?

సందేహం: మా అబ్బాయి హాస్టల్లో చేరాడు. మొన్న పక్కింటి తమిళావిడతో, మన మాట వాళ్లకీ ఉందన్న ధైర్యంతో, దిగులుగా ఉందని చెప్పబోయి ‘తిగిలా ఇరుక్కు’ అన్నాను. ఆవిడ హడలిపోయి ‘ఏమైంది, ఎందుకు భయం?’ అని అడిగారు. దయ్యాల సినిమాని వీళ్లు ‘తిగిల్ పడం’ అంటారట! దిగులంటే మనసు కిందికి దిగిపోవడం కాదా?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు, చెన్నై

సమాధానం: ఆవిడ హడలిపోవడంలో వింతేమీ లేదమ్మా. తమిళుల తిగిల్, కన్నడిగుల దిగిలు, మన దిగులు ఒకే ఇంటి పిల్లలు. అక్కడ రెండు చోట్లా దానికి అర్థం భయమే. మన పాత నిఘంటువులు తిరగేసినా దిగులుకి భయం అన్న అర్థం కనిపిస్తుంది. ‘దిగు’తో ముడిపెట్టడం వినడానికి బాగుంటుంది కానీ నిలవదు. కిందికి దిగడానికి తమిళుల వాడుక మాట వేరు. మీ బస్సు కండక్టరు ‘ఎరంగు’ అనే కదా అరుస్తాడు! దిగడంతో పనిలేకుండానే తిగిల్ అక్కడ భయమై కూర్చుంది.

మరి మన దిగులులో ఆ భయం పూర్తిగా పోయిందా? లేదనే నా నమ్మకం. వాన పడకపోతే ఎలాగా అని దిగులు. పిల్ల పెళ్లి ఎలా చేయాలా అని దిగులు. అన్నీ రాబోయే వాటి గురించే. మనిషి పోతే కలిగేది దుఃఖం. ఆ ఇంట్లో పిల్లలు ఎలా బతుకుతారో అన్నది దిగులు. ఈ చోట ఇప్పుడు అందరం ‘టెన్షన్’ అనేస్తున్నాం. నాకది బాధగానే ఉంటుంది. టెన్షన్ పరీక్ష హాల్లో మొదలై గంట కొట్టగానే పోవచ్చు. దిగులు అలా కాదు, లోపల గూడు కట్టుకుంటుంది, మనిషిని చిక్కిపోయేలా చేస్తుంది.

విచారానిదీ ఇలాంటి కథే. సంస్కృతంలో అది ఆలోచన, పరిశీలన. ఆ అర్థాన్ని మన ‘విచారణ’ దాచుకుంది, ‘విచారం’ మాత్రం బాధవైపు జరిగింది.

ఇక మీ సంగతి. అబ్బాయి కళ్లెదుట లేడని మనసు కొట్టుకుంటే అది బెంగ. బెంగ ఎప్పుడూ ఒకరి మీద ఉంటుంది: అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ. వాడక్కడ వేళకు తింటున్నాడో లేదో అనుకుంటే అది దిగులు. మీకు రెండూ ఉన్నట్టున్నాయి. పక్కింటావిడతో మాత్రం ఈసారి ‘కవలైయా ఇరుక్కు’ (ఆందోళనగా ఉంది) అనండి, మీ మనసు ఆవిడకి సరిగ్గా అందుతుంది.