స్ఫటికాన్ని అంత చల్లబరచడం ఎందుకు?

అరుదైన రేడియోధార్మిక విఘటనాల కోసం స్ఫటికాలను పరమశూన్యానికి (అంతకన్నా చల్లబరచలేని ఉష్ణోగ్రతకు) అంత దగ్గరగా ఎందుకు చల్లబరుస్తారని, కళాశాలల్లో ఉండే సోడియం అయొడైడ్ డిటెక్టర్ ఆ పనికి ఎందుకు చాలదని మీరు అడిగారు. నేను శ్రీకాకుళంలో భౌతికశాస్త్రం బోధిస్తాను. కళింగపట్నం ఇసుకను ఆ డిటెక్టర్‌తోనే విద్యార్థుల చేత పరీక్ష చేయించాను కనుక అక్కడి నుంచే చెబుతాను.

అల వెనక్కి పోయాక మిగిలే నల్లని చారల్లోని ఇసుకను భూతద్దం కింద చూస్తే, ఇల్మెనైట్ అనే ఖనిజ రేణువుల నడుమ తేనెరంగు మోనజైట్ ఖనిజ రేణువులు అక్కడక్కడా కనిపిస్తాయి. ఆ మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. ఆ ఇసుకను డబ్బాలో నింపి డిటెక్టర్ మీద రాత్రంతా ఉంచితే, వర్ణపటం (ఏ శక్తి గల కిరణాలు ఎన్ని వచ్చాయో చూపే గ్రాఫు) కుడి చివర 2615 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది శక్తికి ప్రమాణం) దగ్గర ఒక శిఖరం లేస్తుంది. థోరియం వరసగా విఘటనం చెందే శ్రేణి చివర్లో పుట్టే థాలియం-208 వల్ల వెలువడే గామా కిరణం అది. మాకు వచ్చిన శిఖరం వెడల్పు దాదాపు 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు.

ఇటలీలో గ్రాన్ సాసో పర్వతం కింద, విశ్వకిరణాలను అడ్డుకునే సుమారు 1400 మీటర్ల రాతి లోతున, క్యువోర్ ప్రయోగం జరుగుతోంది. అక్కడి శాస్త్రవేత్తలు ఒక అరుదైన విఘటనం కోసం వెతుకుతున్నారు: టెల్లూరియం-130 కేంద్రకం న్యూట్రినోలు (విద్యుదావేశం లేని అతి తేలికైన కణాలు) లేకుండా రెండు ఎలక్ట్రాన్లను మాత్రమే వెలువరిస్తే వాటి మొత్తం శక్తి 2527 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. వారు వెతికే గుర్తుకూ థోరియం శిఖరానికీ మధ్య ఎడం 88 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. మన డిటెక్టర్‌లో అవి రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

చల్లదనం అవసరం ఇక్కడే వస్తుంది. అతిశీతల స్థితిలో స్ఫటికం ఉష్ణసామర్థ్యం ఉష్ణోగ్రత ఘనానికి అనులోమంగా పడిపోతుంది కనుక, 10 మిల్లీకెల్విన్ల దగ్గర, ముప్పావు కిలో బరువున్న టెల్లూరియం డయాక్సైడ్ స్ఫటికంలో ఒకే ఒక విఘటనం జరిగినా, దాని ఉష్ణోగ్రత కెల్విన్‌లో పదివేలవ వంతుకు రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. స్ఫటికానికి అతికించిన జెర్మేనియం థర్మిస్టర్ (ఉష్ణోగ్రతను బట్టి విద్యుత్ నిరోధం మారే పరికరం) ఆ పెరుగుదలను నమోదు చేస్తుంది. సోడియం అయొడైడ్‌లో శక్తిలో కొద్ది భాగమే కాంతిగా మారి లెక్కకు వస్తే, ఇక్కడ దాదాపు అంతా వేడిగా మారి కొలతకు అందుతుంది. అందువల్ల శిఖరం వెడల్పు సుమారు 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు తగ్గుతుంది.

అంతటితో ఇబ్బంది తీరదు. అదే గామా కిరణం దారిలో లోహానికి తగిలి కొంత శక్తి కోల్పోయి వస్తే సరిగ్గా 2527 దగ్గరే పడవచ్చు. అందుకే ఆ 988 స్ఫటికాల చుట్టూ వాడే ప్రతి వస్తువునూ రేడియోధార్మికత విషయంలో పరీక్షించి ఎంచుకున్నారు. కవచంలో కొంత భాగానికి రోమన్ల కాలంలో మునిగిన ఓడలోని సీసాన్ని వాడారు. 22 ఏళ్ల అర్ధాయువు (సగం పరమాణువులు విఘటనం చెందడానికి పట్టే కాలం) గల రేడియోధార్మిక సీసం-210 అందులో ఎప్పుడో నశించిపోయింది. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఈ శుద్ధి కోసం వారు పడిన శ్రమే.

ఈ పద్ధతి ఫలించిన సందర్భం ఉంది. 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు బిస్మత్ కలిగిన స్ఫటికాన్ని ఇలాగే చల్లబరచి, స్థిరమైనదని భావించిన బిస్మత్-209 కూడా ఆల్ఫా కణాన్ని వదులుతుందని, దాని అర్ధాయువు 1.9×10¹⁹ సంవత్సరాలని చూపారు. టెల్లూరియంలో వెతుకుతున్న విఘటనం మాత్రం ఇంతవరకు కనబడలేదు. అది ఉంటే దాని అర్ధాయువు 2.2×10²⁵ సంవత్సరాలకు మించి ఉండాలని క్యువోర్ 2022లో ప్రకటించింది.