‘మామ’ అనే మాట ఏ భాషది?

అడిగినది ఇది: మామ అంటే మనకు అమ్మ అన్నదమ్ముడు, లేదా పిల్లనిచ్చిన మామగారు. ఇంగ్లీషులో, చైనీస్‌లో అమ్మ. ఇంకెక్కడో నాన్న అని కూడా విన్నాను. ఇంతకీ ఇది ఏ భాషలో పుట్టింది? సంస్కృతం నుంచి అన్ని దేశాలకూ వెళ్ళిందా?

మీరన్న ఆ ‘ఇంకెక్కడో’ జార్జియా. ఎంబీబీఎస్ కోసం నేను ఆరేళ్ళు ఆ దేశ రాజధాని టిబిలిసిలో ఉన్నాను. ఈ మాట వల్ల వెళ్ళిన కొత్తలోనే ఒకసారి ఇరుక్కున్నాను.

ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆదివారం వీడియో కాల్ చేస్తే మా అక్క కొడుకు ఫోన్ లాక్కుని ‘మామా! మామా!’ అని ఒకటే అరుపులు. వాడికప్పుడు మూడేళ్ళు. ఒకరోజు ఆవిడ పిండి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ఫోన్లోకి తొంగి చూసింది, తర్వాత నావైపు చూసి, ‘నీకు కొడుకున్నాడా?’ అంది. పెళ్ళి కాలేదని ఆవిడకు అంతకు వారం ముందే చెప్పి ఉన్నాను. ఆవిడ మొహంలో కోపం లేదు, ఇంత చిన్నపిల్లాణ్ణి వదిలి ఇంత దూరం ఎలా వచ్చావన్న బాధ ఉంది. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో వెతుక్కుని ‘దిస్‌ష్విలి’ అన్నాను. దిస్ అంటే సోదరి యొక్క, ష్విలి అంటే బిడ్డ. (స్టాలిన్ అసలు ఇంటిపేరు జుగాష్విలి చివర ఉన్న ష్విలి కూడా ఇదే.) అప్పుడు గానీ ఆవిడ కుదుటపడలేదు.

జార్జియన్‌లో మామ అంటే నాన్న, దెద అంటే అమ్మ. చర్చిలో ఫాదర్‌ను కూడా ‘మామావో’ అనే పిలుస్తారు. దెద అయితే ఊరంతా కనిపిస్తుంది. 1958లో టిబిలిసి 1500 ఏళ్ళ పండగకు కొండమీద నిలబెట్టిన 20 మీటర్ల స్త్రీ విగ్రహం పేరు కార్త్లిస్ దెద, అంటే కార్త్లి తల్లి (కార్త్లి అంటే టిబిలిసి ఉన్న ప్రాంతం). ఒక చేతిలో వచ్చిన అతిథికి వైన్ గిన్నె, ఇంకో చేతిలో వచ్చిన శత్రువుకు కత్తి. రాజధానిని దెదాఖలాఖి అంటారు, అమ్మ నగరం అని. మాతృభాష దెదా ఎనా. 1876లో యాకోబ్ గోగెబాష్విలి చిన్నపిల్లల కోసం తెచ్చిన వాచకం పేరు కూడా అదే.

మా అపార్ట్‌మెంట్ల మధ్య ఒక ఉమ్మడి వాకిలి ఉండేది. సాయంత్రం అక్కడ ఆడుకునే పిల్లల్లో రష్యన్ మాట్లాడేవాళ్ళూ ఉండేవారు. దెబ్బ తగిలి ఒకడు ‘మామా’ అని ఏడిస్తే వాళ్ళ నాన్న బాల్కనీలోకి వచ్చేవాడు. రష్యన్ మాట్లాడే ఇంకొకడు అదే మాట అంటే వాళ్ళమ్మ వచ్చేది. మీ ప్రశ్నకు జవాబు నాకు ఆ వాకిట్లోనే దొరికింది.

ఈ మాట ఎవరి దగ్గరి నుంచీ ఎవరికీ వెళ్ళలేదు. పెదాలు మూసి తెరిస్తే చాలు, పళ్ళు లేని నోటికి కూడా ‘మ’ వస్తుంది, దానికి ‘ఆ’ తోడైతే మాట అయిపోతుంది. అసలు అది బిడ్డ ఎవరినో పిలిచిన పిలుపే కాదు. ఎదురుగా ఉన్న పెద్దవాళ్ళు అది తమనే అనుకుని మురిసిపోతారు, అలా ఆ ఇంటి భాషలో ఒక అర్థం స్థిరపడుతుంది. భాషావేత్త రోమన్ యాకోబ్సన్ 1960లో అచ్చయిన వ్యాసంలో దీన్నే వివరించాడు. మర్డాక్ అనే మానవశాస్త్రవేత్త ప్రపంచ భాషల నుంచి పోగుచేసిన 1072 అమ్మా నాన్నల మాటలు ఆయనకు ఆధారం. అమ్మ మాటల్లో సగానికి పైగా మ, న లాంటి ముక్కు శబ్దాలు ఉన్నాయి, నాన్న మాటల్లో అవి చాలా తక్కువ. పాలు తాగుతూ నోరు ఖాళీ లేనప్పుడు బిడ్డ ముక్కుతోనే మూలుగుతుంది, ఆ మూలుగే ఆకలికీ, ఆకలి తీర్చే మనిషికీ గుర్తయిందని ఆయన వాదన. నాకిది బాగా నచ్చింది, ఎందుకంటే మన ఇళ్ళలో ఇప్పటికీ పిల్లల అన్నం ‘మమ్మం’. లాటిన్‌లో మమ్మా అంటే రొమ్ము. మామోగ్రామ్‌లో ఉన్నది ఆ మాటే.

మరి మనం దాన్ని మేనమామకు ఎందుకు ఇచ్చాం? నా ఉద్దేశంలో అమ్మ తర్వాత అమ్మ పుట్టింటి మనిషే బిడ్డకు దగ్గర కాబట్టి. మలయాళంలో మేనమామ ‘అమ్మావన్’, అందులో అమ్మ వినపడుతూనే ఉంది. అత్త మొగుడూ మామే, పిల్లనిచ్చినవాడూ మామే కావడానికి కారణం మేనరికం. ఆ పద్ధతి ఉన్న ఇంట్లో మేనమామే రేపు మామగారు కావచ్చు.

సంస్కృతం సంగతి. అక్కడ ‘మమ’ అంటే నాది, నా యొక్క. మమకారం అందులోంచి వచ్చింది. సంకల్పంలో పురోహితుడు ‘మమ అనండి’ అంటారు కదా, పనిని పైపైన కానిచ్చేస్తే ‘మమ అనిపించాం’ అనడం దాన్నుంచే. సింహళంలో ‘మమ’ అంటే ఏకంగా నేను. వీటికీ మేనమామకూ చుట్టరికం లేదు, వినడానికి మాత్రం ఒకేలా ఉంటాయి.

మా వీధిలో ఒక పిన్ని కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళొచ్చింది. అక్కడ యజమానురాలిని ‘మామా’ అని, యజమానిని ‘బాబా’ అని పిలిచేదట. ఆవిడ చెప్పిన ఇంకో విషయం: ఆ ఇంటి తల్లి తన పిల్లల్నే ‘మామా’ అని ముద్దుగా పిలిచేది. జార్జియాలో కూడా అంతే. తల్లి కొడుకుని ‘దెదా’ అంటుంది, తండ్రి కూతుర్ని ‘మామా’ అంటాడు. మనమూ కొడుకుని ‘నాన్నా’, కూతుర్ని ‘అమ్మా’ అంటాం కానీ తేడా ఉంది. మన పిలుపు బిడ్డ ఎవరో చెబుతుంది, వాళ్ళది పిలిచే మనిషి ఎవరో చెబుతుంది.

పరీక్షల రాత్రుళ్ళు నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ వేడి ఖచాపురి (చీజ్ పెట్టి కాల్చిన రొట్టె) ముక్క పళ్ళెంలో పెట్టి, తలుపు సగం తెరిచి ‘చామె, బెబో’ అనేది. చామె అంటే తిను, బెబో అంటే అమ్మమ్మ లేదా నాయనమ్మ. నేను ఆవిడ మనవణ్ణి అయిపోయానని నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.