డిసౌజాలంతా పోర్చుగీసు సంతతేనా?

మన దేశంలో చాలావరకు కాదు. పోర్చుగల్ ఉత్తరాన, పోర్తో నగరం దగ్గర డోరో నదిలో కలిసే సౌజా అనే ఏరుంది. ఆ ప్రాంతాన్ని ఏలిన మధ్యయుగపు దొరల ఇంటిపేరది. ‘డి’ అంటే ‘ఫలానా చోటి’ అని.

గోవాలో 16వ శతాబ్దం నుంచి మతం మారినవాళ్లకు బాప్తిస్మం ఇచ్చిన పాదిరీ పేరో, జ్ఞానపిత (బాప్తిస్మంలో అండగా నిలిచే పెద్ద) పేరో ఇంటిపేరైంది. అందుకే ఒకే ఊళ్లో ఏ చుట్టరికమూ లేని డిసౌజాలు కనిపిస్తారు. మంగళూరుకు గోవా నుంచి వలసవెళ్లినవాళ్లతో చేరింది. బ్రెజిల్‌లో బానిసల సంతతికీ ఈ పేరుంది. పశ్చిమాఫ్రికా దేశమైన బెనిన్‌లోని విడా పట్నంలో మాత్రం 1849లో చనిపోయిన బానిసల వ్యాపారి ఫ్రాన్సిస్కో ఫెలిక్స్ డి సౌజా వంశం పెద్దది.

వంశం వెతికేవాళ్లు ఇంటిపేరును నమ్ముకోవద్దు. ఊరు, చర్చి తెలుసుకుని బాప్తిస్మపు రిజిస్టరు చూడాలి. ఇంగ్లిషు స్పెల్లింగులో ‘ఎస్’తో (Sousa), ‘జెడ్’తో (Souza) రెండు రకాలుగానూ వెతకాలి.